నాలుగు ఎరుపులు, నాలుగు నీలాలు, ఎనిమిది దుప్పట్లు

గురువారానికి జ్ఞానరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఎనిమిదికల్లా మిషన్ బడి హాల్లో ఎనిమిది బొమ్మలు తగిలించాలి. పదికి తలుపులు తీయాలి. చూడవచ్చినవాళ్లకు రంగుల గురించి నాలుగు మాటలు చెప్పాలి. శుక్రవారం పొద్దున బొమ్మలు దించేసి, శనివారం అక్కడే జరగబోయే జిల్లా బోర్డు ఎన్నికకు హాలు ఖాళీ చేసి ఇవ్వాలి. ఇందులో ఇబ్బంది పడాల్సిందేమీ లేదని అతను అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి అలవాటు.

అది పందొమ్మిది వందల ముప్పై ఐదు. కోయిలకుంట్ల నుంచి బనగానపల్లెకు పోయే బండిదారిలో ఉన్న గుండ్లమిట్టలో జ్ఞానరాజు డ్రాయింగు మాస్టరు. బడిలో పిల్లల చేత కూజా, మామిడికాయ, కిటికీ గీయించేవాడు. ఇంట్లో మాత్రం కూజాలూ కాయలూ మానేసి మూడేళ్లయింది. రూపం అనేది రంగుకు అడ్డం పడుతుందని అతనికి గట్టి నమ్మకం కుదిరింది. అప్పటినుంచి గోనెపట్టాను చట్రానికి బిగించి, సున్నం పూసి, దాని మీద ఎరుపు పూస్తున్నాడు. జాజు ఎరుపు, లక్క ఎరుపు, కుంకుమ ఎరుపు, ఒకటి ఆరకముందే ఇంకొకటి. బొమ్మలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, కనీసం ఒక మేక కూడా ఉండదు.

అతని భార్య విశ్వాసమ్మకు ఈ నమ్మకం మీద బొత్తిగా నమ్మకం లేదు. వసారా పక్క గది నిండా రంగు కుండలే. నెల కిందట ఆమె తెల్ల కోడిపెట్ట ఆ గదిలో దూరి గులాబీ రంగుతో బయటికి వచ్చింది. అంతటితో ఆమె ఓపిక అయిపోయింది.

"చూడయ్యా," అంది ఆ పొద్దున జొన్నరొట్టె పళ్లెంలో వేస్తూ. "మూడేండ్లు ఊరకున్నా. ఈసారి ఒక్కరంటే ఒక్కరు, నువ్వు తగిలించిన బొమ్మను బాగా చూసి, బాగుండాది, మా ఇంట్లో పెట్టుకుంటామని నోరు తెరిచి అడగల్ల. అడిగితే సరి. లేదంటే సోమవారం నుంచి ఆ గది నా కోళ్లకు. కుంచెలు పొయ్యిలోకి."

"ఒక్కరు సాలునా?"

"ఒక్కరు సాలు. దొరకరులే."

జ్ఞానరాజు నవ్వాడు గానీ, లోపల నిజంగానే భయపడ్డాడు. ఆ గది పోతే ఇక బతుకంతా కూజా, మామిడికాయ, కిటికీ.

ప్రదర్శనలో సగం బొమ్మలు కృష్ణవేణమ్మ అనే ఆమెవి. ఊళ్లో పెద్ద రైతు సుబ్బయ్య భార్య. ఒకసారి నీలిమందు తొట్టిలో ముంచి తీసిన చీర, తీసినప్పుడు పచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ ఆమె కళ్ల ముందే నీలంగా మారింది. ఆ మార్పు ఆమె మనసును పట్టుకుంది. ఆరు నెలలుగా ఇంటి వెనక గదిలో కూర్చుని దాన్నే గోనెపట్టా మీదికి తెచ్చే ప్రయత్నం చేస్తోంది. కూతురు చేత ఒక బొమ్మ బడికి పంపితే, దాన్ని చూసి జ్ఞానరాజు ఆ రోజంతా పాఠం చెప్పలేకపోయాడు. ఇంత చిన్న ఊళ్లో తనలాంటి మనిషి ఇంకొకరున్నారని అతను కలలో కూడా అనుకోలేదు. 'రెండు రంగుల ప్రదర్శన' అలా పుట్టింది. సుబ్బయ్య ఆ వెనక గదిలోకి ఏనాడూ తొంగి చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇక ఎన్నిక సంగతి. ఓటర్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ కనుక, ఆ రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె ఇచ్చేవాళ్లు. ఓటరు తన చీటీని కావలసినవాడి రంగు పెట్టెలో వేసి రావాలి. పది రోజుల కిందట కోయిలకుంట్లలో చీట్లు తీస్తే సుబ్బయ్యకు ఎర్ర పెట్టె వచ్చింది. అతనితో ఇరవై ఏళ్లుగా పొలం గట్టు తగాదా ఉన్న పుల్లయ్యకు నీలం పెట్టె వచ్చింది. మూడోవాడు చిన్న ఈరన్న అనే గొర్రెల ఆసామి. వానకాలం పొంగే ఊరి వంకను దాటడానికి మోరీ కట్టించండని ఆ పెద్దలిద్దరినీ అడిగి అడిగి విసిగి, కోపం పట్టలేక నామినేషన్ వేశాడు. అతనికి తెల్ల పెట్టె వచ్చింది. కోపం చల్లారగానే గొర్రెలను తోలుకుని మేతకు నందికొట్కూరు వైపు వెళ్లిపోయాడు. అతను పోటీలో ఉన్నాడన్న సంగతి ఊరూ మరిచిపోయింది, బహుశా అతనూ మరిచిపోయాడు.

ఆ పది రోజులూ ఊరంతా ఎర్ర తువ్వాళ్లు, నీలం జెండాలు. జ్ఞానరాజు వాటిని చూడకపోలేదు. చూశాడు, ఊరికి రంగుల మీద అభిరుచి కలుగుతున్నదని సంతోషించాడు.

తొమ్మిదిన్నరకే బడి ముందు రెండు వందల మంది పోగయ్యారు. ఎర్ర బొమ్మలు తగిలించారట, నీలం బొమ్మలు తగిలించారట అని ఊళ్లో వార్త పాకింది. ఎన్నికకు రెండు రోజుల ముందు ఎరుపూ నీలమూ తగిలిస్తే అది దేనికో గుండ్లమిట్టలో ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని లేదు. జ్ఞానరాజుకు మాత్రం జనాన్ని చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపులు బార్లా తీశాడు. తూర్పు గోడకు నాలుగు ఎరుపులు, పడమటి గోడకు నాలుగు నీలాలు. ఒక్కోదాని కింద అతని చేతిరాతతో అట్టముక్క: ఎరుపు ఒకటి, ఎరుపు రెండు, అలా.

"అప్పా, తొందరపడొద్దండి," అన్నాడు జ్ఞానరాజు ఎరుపు మూడు పక్కన నిలబడి. "ఎరుపును బాగా చూడండి. మనసులో పెట్టుకోండి. ఇంటికి పోయినా, కండ్లు మూసుకున్నా అదే కనపడల్ల."

"కనపడతాదిలే సామీ," అన్నారెవరో. "శనివారం దాకా మరువం."

ముందు వరసలో ఈరక్క ఉంది. మూడెకరాల భూమీ ఒక ఓటూ ఉన్న ముసలామె. ఆమె బొమ్మ దగ్గరికి పోయి, కళ్లు చికిలించి చూసి, "దీంట్లో మనిషి యాడ నాయనా?" అని అడిగింది.

"మనిషితో పనేముండాదవ్వా? మనిషిని మరిచిపో. రంగును గుర్తుపెట్టుకో, సాలు."

జనం తలలు ఊపారు. పది రోజులుగా ఎన్నికల మనుషులు ఇంటింటికీ తిరిగి చెబుతున్నది అక్షరాలా ఇదే. మిషన్ బడి మాస్టరు సుబ్బయ్య తరఫున దిగినాడనే మాట పది నిమిషాల్లో ఊరు దాటింది.

అంతలో గూడుబండిలో కృష్ణవేణమ్మ వచ్చింది. సుబ్బయ్య పెండ్లామే వచ్చిందంటే ఎరుపుకు ఇక తిరుగు లేదని జనం దారి ఇచ్చారు. ఆమె నేరుగా పడమటి గోడ దగ్గరికి పోయింది. నలుగురిలో మాట్లాడటం ఆమెకు అదే మొదలు. కొంగు సవరించుకుని, గొంతు సవరించుకుని, మనసులో ఉన్నది చెప్పింది.

"ఎరుపంటే నాకేం కోపం లేదు. మాస్టరుగారి ఎరుపు ఆయనది. నాకు మాత్రం నీలమే. ఆర్నెల్ల నుంచి పొద్దున లేస్తే నీలం, పండుకుంటే నీలం. ఇంట్లో ఎవురికీ చెప్పకుండా చేసుకుంటాండా."

హాల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఇంట్లో చెప్పకుండానంట!" అన్నాడొకడు. "ఆయప్ప పెండ్లామే నీలమంటాంటే, మనదేముండాదప్పా?"

ఈ కబురు పుల్లయ్యకు అందిన వేగం చూస్తే తపాలా శాఖ సిగ్గుపడాలి. అరగంటలో అతను తప్పెట్లతో, బంతిపూల దండతో, నలభై మంది మనుషులతో దిగాడు. దండను నీలం రెండుకు వేసి, కృష్ణవేణమ్మకు చేతులు జోడించాడు.

"అక్కా, ఈ మేలు జన్మలో మరువను."

"నీలమంటే మీకు ఇంత ఇష్టమని నాకు ఎరుకే లేదు," అంది ఆమె సంబరంగా.

"పది దినాల నుంచి నిద్ర లేదక్కా దానికోసం."

"మొదట్లో నాకూ అంతే. అలవాటైతాది."

పుల్లయ్యకు ఆ మాట సరిగా అర్థం కాలేదు గానీ, శకునం మంచిదే అనుకున్నాడు.

సుబ్బయ్య వచ్చేసరికి తప్పెట్లు మంచి ఊపు మీద ఉన్నాయి. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. నీలం బొమ్మలు చూశాడు, బంతిపూల దండ చూశాడు, పుల్లయ్య పక్కన నిలబడి నవ్వుతున్న భార్యను చూశాడు.

"ఏం చేస్తాండావు నువ్వీడ?"

"బొమ్మలు చూపిస్తాండా."

"నా పెట్టె ఎర్రది! నీలం ఆ పుల్లయ్యది! నా ఇంటి అన్నం తిని నన్నే ముంచుతావా?"

కృష్ణవేణమ్మకు విషయం అప్పుడు అర్థమైంది. ముఖం పాలిపోయింది, వెంటనే ఎర్రబడింది. "నాకు చెప్పినారా?" అంది. "తువ్వాళ్లన్నీ ఎర్రగా ఎందుకు తెచ్చినారని అడిగితే, ఎలచ్చన్ల సంగతులు ఆడోళ్లకెందుకన్నారు. మీకు పెట్టె వచ్చి పది దినాలు. నేను నీలం పట్టుకుని ఆర్నెల్లు. ఇప్పుడు మార్చమంటే నేను మార్చను."

భార్య దగ్గర మాట చెల్లనప్పుడు పెద్దమనుషులు చేసే పనే సుబ్బయ్యా చేశాడు, పక్క మనిషి మీద పడ్డాడు. "మాస్టరూ! ఆ నాలుగు ఎర్రవీ నాకియ్యి. బండ్లకు కట్టి ఊరంతా తిప్పుతా. తర్వాత మా ఇంట్లోనే పెట్టుకుంటా."

అడిగారు! ఒకటి కాదు, నాలుగూ అడిగారు! మధ్యాహ్నపు రొట్టెల మూట పట్టుకుని అప్పుడే లోపలికి వచ్చిన విశ్వాసమ్మ వైపు జ్ఞానరాజు గెలిచినవాడిలా చూశాడు. ఆమె మూట కింద పెట్టి ముందుకొచ్చింది.

"అన్నా, బొమ్మను చూసినావా నువ్వు?"

"చూసేదేముందమ్మా? ఎర్రగా ఉంటే సాలు."

"చెల్లదు," అంది విశ్వాసమ్మ మొగుడితో. "ఆయప్ప అడిగింది బొమ్మను కాదు, పెట్టెను."

జ్ఞానరాజు వాదించలేదు. తన బొమ్మల్ని చూడకుండా తీసుకుపోయే మనిషి మీద అతనికి విశ్వాసమ్మ కన్నా ఎక్కువ కోపం వచ్చింది. "ఇయ్యను," అన్నాడు. ఆ మాటతో సుబ్బయ్య మనుషులు ఎరుపుల మీదికి, పుల్లయ్య మనుషులు నీలాల మీదికి ఉరికారు. ఒక బెంచీ విరిగింది. బంతిపూల దండ తెగి హాలంతా పూలు దొర్లాయి.

ఎన్నికల అధికారి సరిగ్గా అప్పుడే దిగాడు. శనివారం ఏర్పాట్లు చూడటానికి కర్నూలు నుంచి వచ్చిన బక్కపలచటి మనిషి. ఉద్యోగంలో ఆయన కోరుకున్నది ఒక్కటే, ఎవరూ తన మీద అర్జీ పెట్టకూడదు.

"బొమ్మలన్నీ దించేయండి," అన్నాడాయన.

"నీలం ముందు దించండి!" అని సుబ్బయ్య.

"ఎరుపు ముందు దించల్ల! నీలం ముందు దించితే సర్కారు ఎరుపు పక్కనుండాదని కలెక్టరుకు రాస్తా!" అని పుల్లయ్య.

"ఎరుపు ముందు దించితే నేనూ రాస్తా!"

గంటసేపు ఇదే తగువు. రెండింటినీ ఒకేసారి దించుదామంటే, ఏ వైపు మేకు ముందు ఊడుతుందోనని ఇద్దరికీ అనుమానం. అధికారి చెమట తుడుచుకుని, చివరికి తన సర్వీసులోకెల్లా తెలివైనదనుకున్న ఉత్తర్వు వేశాడు. బొమ్మలు దించనక్కర్లేదు, ఫలితం వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అన్నింటినీ తెల్లగుడ్డలతో కప్పేయాలి. తెలుపుతో ఎవరికీ తగాదా లేదు కదా.

సుబ్బయ్య ఒప్పుకున్నాడు. పుల్లయ్య ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లలో వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

తెల్లగుడ్డలు యాడివి? నాలుగు దుప్పట్లు బడి హాస్టలు నుంచి వచ్చాయి. ఎరుపుల మీద కట్టిన మిగిలిన నాలుగూ విశ్వాసమ్మ పెట్టెలోవి. పెళ్లికి మిషన్ దొరసానమ్మ ఇచ్చినవి, పదేళ్లుగా ఎవరినీ వాటి మీద పడుకోనివ్వకుండా ఉతికి మడిచి దాచుకున్నవి. "మచ్చ పడితే మాత్రం చూడు," అని మొగుడిని బెదిరించి మరీ ఇచ్చింది. దుప్పట్లు కట్టాక అధికారి వాటి ముందు ఒక కానిస్టేబుల్ని నిలబెట్టి, తృప్తిగా కాఫీ తాగాడు.

జ్ఞానరాజు ఆ సాయంత్రం ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. వందలమంది వచ్చారు, ఒక్కరూ చూడలేదు. ఎవరూ రాకపోయినా అంత బాధ ఉండేది కాదు.

శనివారం పొద్దుటి నుంచీ చుట్టుపక్కల పల్లెల బండ్లు బడి ముందు బారులు తీరాయి. పెట్టెలు వెనక గదిలో ఉన్నాయి, అక్కడికి హాల్లోంచే పోవాలి. హాల్లో అడుగు పెట్టగానే ఓటర్లకు కనిపించింది ఈ గోడకు నాలుగు తెల్ల దుప్పట్లు, ఆ గోడకు నాలుగు తెల్ల దుప్పట్లు, మధ్యలో తలపాగా కట్టుకున్న కానిస్టేబులు.

"ఏంటివి సామీ ఇవి?" అని అడిగింది ఈరక్క.

"మాట్లాడొద్దు. చూసుకుంటా పోండి," అన్నాడు కానిస్టేబులు.

ఈరక్క చూసుకుంటూ పోయింది. పోతూ పోతూ వెనక వరసకు విషయం వివరించింది. "మొన్న ఎరుపుండె, నీలముండె. రెండూ వద్దని సర్కారోళ్లే మూసేసినారు. ఇప్పుడు ఏం పెట్టినారు? తెలుపు! పోలీసాయన్ని కాపలా పెట్టి మరీ చూపిస్తాండారు. ఇంకేం కావల్ల మీకు?"

ఇంకేం అక్కర్లేదని వరసలో అందరికీ అనిపించింది.

సోమవారం పెట్టెలు తెరిచారు. ఎర్ర పెట్టెలోనూ నీలం పెట్టెలోనూ చీట్లు అడుగున పలచగా పరుచుకుని ఉన్నాయి. తెల్ల పెట్టె మూత తీయగానే చీట్లు పైకి ఉబికి బల్ల మీద పడ్డాయి. అధికారి పోటీదారుల జాబితాను మూడుసార్లు చదువుకున్నాడు. మూడో పేరు ఆ కాగితంలో మొదటినుంచీ ఉంది, ఆయన తలలోనే లేదు. సుబ్బయ్య, పుల్లయ్య విరగని బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఒకరికొకరు చుట్ట అంటించుకున్నారు.

మరుసటి రోజు సాయంత్రం చిన్న ఈరన్న గొర్రెలతో ఊళ్లోకి వస్తూంటే జనం దండలు వేశారు. ఏం జరిగిందో అర్థం కావడానికి అతనికి కొంతసేపు పట్టింది. అర్థం కాగానే నేరుగా బడికి వచ్చాడు. హాల్లో జ్ఞానరాజు ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. విశ్వాసమ్మ దుప్పట్లు విప్పుకుపోవడానికి అప్పుడే వచ్చింది. సోమవారం దాటిపోయింది. కోళ్ల సంగతి ఆమె ఇంకా ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

"సామీ," అన్నాడు చిన్న ఈరన్న గొంగడి భుజం మీద సర్దుకుంటూ. "నన్ను గెలిపించింది నీ బొమ్మలేనంట. ఒకటి ఇయ్యి సామీ. మా ఇంట్లో పెట్టుకుంటా."

జ్ఞానరాజు లేచి నిలబడ్డాడు. ఎరుపు ఒకటి మీది దుప్పటి తీయబోయాడు.

"అయ్యో, తీయొద్దు సామీ! నాకు కావల్సింది ఇదే." ఈరన్న రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, దుప్పటిని చాలాసేపు చూశాడు. ఆ వారంలో ఆ హాల్లో అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. "ఎంత బాగుండాది! ఒక్క మచ్చ లేదు. చూస్తాంటే మనసు నిమ్మళంగా ఉండాది."

జ్ఞానరాజు భార్య వైపు చూశాడు. ఆమె ముఖం అప్పటికే వెలిగిపోతోంది.

"అది నేను ఉతికింది," అంది. దుప్పటిని తానే విప్పి, మడిచి, ఈరన్న చేతుల్లో పెట్టింది. "జాగ్రత్తన్నా. చలువసున్నంతో ఉతకొద్దు, గుడ్డ పాడైతాది."

అతను వెళ్లిపోయాక జ్ఞానరాజు అన్నాడు: "బొమ్మను బాగా చూసినాడు. మా ఇంట్లో పెట్టుకుంటానని అడిగినాడు."

"అడిగినాడు. నా బొమ్మను."

"నీదే," అన్నాడు జ్ఞానరాజు. మాట తప్పే మనిషి కాదు. "గది రేపు ఖాళీ చేస్తా." అని గోడకున్న అట్టముక్కలు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టాడు.

విశ్వాసమ్మ తన మిగిలిన దుప్పట్లు విప్పసాగింది. రెండోది విప్పింది. మూడోది విప్పుతుండగా పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేరుగా ఎరుపు మూడు మీద పడింది. ఆమె చేయి ఆగిపోయింది. దుప్పటి కింద పడినా తీసుకోలేదు. కాసేపటికి స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంది.

"మా అమ్మోళ్ల కళ్లం," అంది మెల్లగా. "మిరపకాయలు ఆరబోసినప్పుడు ఇట్లనే ఉండేది. అంచుల్లో కొంచెం నలుపు, నడుమ మంట. చూస్తాంటే కండ్లు మండేవి. అయినా ఇంట్లోకి రా అంటే వచ్చేదాన్ని కాదు. అమ్మ ఉండె అప్పుడు." ఆమె కళ్లు నిజంగానే మండుతున్నట్టు తుడుచుకుంది. "ఇన్నాళ్లూ గదిలోనే ఉండె గదా ఇది. చూడనే లేదు నేను."

జ్ఞానరాజు చేతిలో అట్టముక్కలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"బాగుండాదయ్యా," అంది విశ్వాసమ్మ. "మా ఇంట్లో పెట్టుకుంటా."

"నువ్వడిగితే చెల్లుతాదా?"

"ఒక్కరంటే ఒక్కరన్నా. పెండ్లాం కాగూడదని అన్నానా?"

జ్ఞానరాజు ఏడ్చాడు, దాచుకోలేదు కూడా. ఎరుపు మూడు ఆ సాయంత్రమే వాళ్లింటి నడిమింటి గోడకు చేరింది. కోళ్లకు పెరట్లో వేరే గూడు కట్టారు. కృష్ణవేణమ్మ నీలాలు ఇంటికి తిరిగొచ్చిన రోజు సుబ్బయ్య మొదటిసారి వెనక గది గుమ్మంలో నిలబడి, చాలాసేపు చూసి, "ఇది యాడ కొన్నావు?" అని అడిగాడట. వంక మీద మోరీ ఆ ఏడాదే లేచింది.

మరుసటి ఎన్నికకు గుండ్లమిట్టలో వేయించిన దండోరాలో ఒక కొత్త నిబంధన వినిపించింది: ఓట్లు ముగిసేదాకా ఊళ్లో ఎవరూ దుప్పట్లు ఆరేయరాదు.